బుగ్గకు ఫిల్లర్, కంటి కింద సంచి

ప్రశ్న: నా వయసు 43. విజయవాడ పటమటలో ఉంటాను, టీచర్‌ని. బుగ్గలు జారినట్టున్నాయని ఐదు వారాల కిందట రెండు వైపులా ఒక్కో సిరంజి హయలురానిక్ యాసిడ్ ఫిల్లర్ వేయించుకున్నాను. మొదటి వారం వాపు వచ్చి తగ్గింది. మూడో వారం నుంచి కళ్ల కింద, చెంప ఎముక మీద చిన్న దిండులా ఉబ్బుతోంది. పొద్దున్న లేవగానే ఎక్కువ, స్కూలు నుంచి వచ్చేసరికి తక్కువ. నొప్పి లేదు. క్లినిక్‌లో అడిగితే "కంటి కింద పల్లంలో ఇంకో అర సిరంజి వేస్తే సమానమైపోతుంది" అంటున్నారు. వేయించుకోవచ్చా?

జవాబు: వద్దండీ. నీరు పట్టిన చోట ఇంకా నీటిని పట్టి ఉంచే మందు వేసినట్టవుతుంది.

ఫిల్లర్ పేరుతో చర్మం కింద నింపే హయలురానిక్ యాసిడ్ జెల్ గుణమే నీటిని పీల్చుకోవడం. బుగ్గ నిండుగా కనిపించడానికి అదీ ఒక కారణం. చిక్కల్లా చోటుతోనే. కంటి గుంట అంచు ఎముక నుంచి బుగ్గ చర్మం దాకా ఒక పల్చటి పొర సాగి ఉంటుంది. అది కంటి బయటి మూలకు రెండున్నర, మూడు సెంటీమీటర్ల కింద చర్మాన్ని అంటుకుంటుంది. కంటికి దెబ్బ తగిలినప్పుడు కమిలిన నలుపు బుగ్గ మీద గీత గీసినట్టు ఒకచోట ఆగిపోవడం చూసే ఉంటారు. ఆ గీత దగ్గరే ఈ పొర ఉంది. రక్తాన్నే దాటనివ్వని పొర నీటిని మాత్రం సులువుగా దాటనిస్తుందా? కింది రెప్పలో ఊరే నీటిని సన్నటి లింఫ్ నాళాలు బుగ్గ మీదుగా కిందికి తీసుకుపోతాయి. ఫిల్లర్ ఎముకను ఆనుకుని లోతుగా పడితే వాటి జోలికి పోదు. కాస్త పైపొరల్లో పడినా, ఒకేసారి ఎక్కువ మోతాదు వేసినా ఆ దారి ఇరుకైపోతుంది. దారి ఇరుకైన చోట నీరు నిలుస్తుంది.

పొద్దున్న ఎక్కువ, సాయంత్రం తక్కువ అన్నారు చూడండి, అసలు గుట్టు ఆ మాటలోనే ఉంది. రాత్రంతా వెల్లకిలా పడుకుంటే నీరు మొహంలో చేరుతుంది. లేచి తిరిగితే దిగుతుంది. జెల్ గడ్డకు పొద్దూ సాయంత్రం తేడా ఉండదు. ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. అద్దం ముందు నిలబడి ఉబ్బు మీద ఉంగరపు వేలితో మెల్లగా పది సెకన్లు నొక్కి వదలండి. మెత్తగా ఉండి కాసేపు గుంట నిలిస్తే నీరు. రబ్బరు ముక్కలా వేలిని వెనక్కి నెడితే ఫిల్లరే అక్కడ చేరి ఉండవచ్చు. తర్వాత తల కదపకుండా కళ్లు మాత్రం పైకెత్తి చూడండి. ఉబ్బు ఇంకా ముందుకొస్తే అది కంటి కింద కొవ్వు సంచి, చాలామందికి ఫిల్లర్‌కు ముందే ఉంటుంది. ఎటు చూసినా మారకపోతే అది కొవ్వు సంచి కాకపోవచ్చు. ఐదు రోజులు అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో పొద్దున ఏడుకు, సాయంత్రం ఏడుకు ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసి డాక్టర్‌కు చూపించండి. నోటితో చెప్పే వర్ణన కంటే ఆ పది ఫోటోలే ఎక్కువ పనికొస్తాయి.

ఈలోగా తల కింద రెండు దిళ్లు పెట్టుకోండి, బోర్లా పడుకోకండి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే టీ చెంచాడు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు ఉన్న ఒక్క పూట భోజనంలోనే అందులో చాలా భాగం అయిపోతుంది. మన వైపు వాళ్లను పచ్చళ్లు మానమనడం అత్యాశే గానీ, రాత్రి పూటైనా మానండి. తేడా మర్నాడు అద్దంలోనే తెలుస్తుంది. తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ల దురద ఉంటే ముందు ఆ ఎలర్జీకి మందు వాడండి, కళ్లు నలపకండి. చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు పెట్టవచ్చు. మసాజ్ మాత్రం ఎవరూ చెప్పకుండా చేయకండి.

మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీటి మాత్రలు ఎవరో చెప్పారని మింగకండి. ఉబ్బిన చోట దారి లేక నీరు నిలిచింది, ఒంట్లో నీరెక్కువై కాదు. మెడికల్ షాపులో దొరికే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రెప్పల మీద రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎక్కువ రోజులైతే కంటి ఒత్తిడి పెరుగుతుంది. కాళ్లు కూడా వాస్తున్నా, మూత్రం నురగగా పోతున్నా, ఒళ్లు బరువెక్కి నీరసంగా ఉన్నా మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించండి. కిడ్నీ, థైరాయిడ్ తేడాలు కూడా కొన్నిసార్లు ముందు కళ్ల కిందే కనిపిస్తాయి. నేరమంతా ఫిల్లర్ మీదే వేయనక్కర్లేదు.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఫిల్లర్‌ను కరిగించడమే సరైన వైద్యం. "దానంతటదే కరిగిపోతుంది, ఆగండి" అంటారు. బుగ్గ ఫిల్లర్ ఏడాది, రెండేళ్లు ఉంటుందని చెబుతారు గానీ, స్కాన్‌లలో అంతకంటే చాలా ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తుంటుంది. అన్నాళ్లు ఉబ్బుతో ఉండనక్కర్లేదు. వెళ్లేముందు క్లినిక్ నుంచి ఒకటి అడిగి తీసుకోండి. ప్రతి సిరంజి పెట్టెలో బ్రాండ్, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేస్ షీటు మీద ఉండాలి, ఒకటి మీ దగ్గర ఉండాలి.

ప్రశ్న: మాది గుంటూరు కొరిటెపాడు. ఫిల్లర్‌ను కరిగించే ఇంజెక్షన్ వేస్తామన్నారు. అది నా సొంత చర్మాన్ని కూడా కరిగించేస్తుందని భయం. ఇంకోటి, పదో తరగతిలో కందిరీగ కుట్టి ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ఆ సంగతి చెప్పాలా?

జవాబు: రెండోదాన్నే ముందు చెప్పుకుందాం. తప్పకుండా చెప్పాలి, గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పాలి. ఆ ఇంజెక్షన్ హయలురానిడేజ్ అనే ఎంజైమ్. తేనెటీగ, కందిరీగ విషంలోనూ అదే జాతి ఎంజైమ్ ఉంటుంది. కుడితే ఒళ్లంతా రియాక్షన్ వచ్చినవాళ్లకు దీనితోనూ రావచ్చు. మీ విషయంలో ఇది అత్యవసరమైన ఇంజెక్షన్ కాదు కాబట్టి ముందు ఎలర్జీ నిపుణుల సలహా తీసుకోండి. వేయాల్సి వస్తే ఎడ్రినలిన్, ఆక్సిజన్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే.

ఏ ఎలర్జీ లేనివాళ్లకు మామూలుగా ఇలా చేస్తారు. మన దగ్గర 1500 యూనిట్ల పొడి ఉన్న చిన్న సీసా దొరుకుతుంది. అందులో 10 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే ఒక మిల్లీలీటరుకు 150 యూనిట్లు, అంటే 0.1 మిల్లీలీటరులో 15 యూనిట్లు. ముందు ముంజేతి చర్మంలో చుక్క వేసి 20, 30 నిమిషాలు చూస్తారు. దద్దు లేచి దురద పెడితే అక్కడితో ఆపేస్తారు. లేకపోతే ఉబ్బుకు కారణమైన చోట కొద్దికొద్దిగా వేస్తారు. 0.1 మిల్లీలీటరు ఫిల్లర్‌కు దాదాపు 5 యూనిట్లనేది డాక్టర్లు వాడే ఒక లెక్క. జెల్ గట్టిదైతే ఎక్కువ పడుతుంది. కంటి దగ్గర తక్కువతో మొదలుపెట్టేవారే తెలిసినవారు. సీసా మొత్తం ఒకేసారి గుమ్మరిస్తే బుగ్గ లోతుకుపోయి ఇంకో ఏడుపు.

ఇంజెక్షన్ వేసిన రోజు సెలైన్ వల్ల ఇంకా ఉబ్బుతుంది, కంగారు పడకండి. 48 గంటల తర్వాత ఫలితం చూడండి. మిగిలితే వారం, రెండు వారాలకు మరో చిన్న డోసు. కొత్త ఫిల్లర్ కావాలనుకుంటే కనీసం రెండు వారాలు ఆగాలి.

ఇక సొంత చర్మం మాట. చర్మంలో సహజంగా ఉండే హయలురానిక్ యాసిడ్ మీద కూడా ఈ మందు పనిచేస్తుంది. అయితే ఒళ్లు దాన్ని రోజూ పాతది తీసేసి కొత్తది తయారు చేసుకుంటూనే ఉంటుంది, తగ్గింది మళ్లీ చేరుతుంది. కరిగించాక మొహం పీక్కుపోయినట్టు కనిపించేది చాలావరకు ఫిల్లర్ పోవడం వల్లే.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి. ఫిల్లర్ వేయించుకుని మూడు రోజులు. కళ్ల కింద, బుగ్గల మీద వాచింది, ఒకచోట కమిలింది. 12 రోజుల్లో పెళ్లి. తగ్గుతుందా?

జవాబు: సూది గుచ్చిన వాపు మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది. వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. కమిలిన చోటు పసుపురంగుకు తిరిగి పోతుంది, రెండు వారాలు కూడా పట్టవచ్చు. మంగళస్నానం నాటికి మిగిలితే కన్సీలర్ కప్పేస్తుంది. నలుగు పిండి మాత్రం మొహానికి రుద్దించుకోకండి. ఫేషియల్, ఆవిరి పట్టించడం కూడా వద్దు. పెళ్లికి నెల ముందే ఇలాంటివి చేయించుకోవాలని క్లినిక్‌వాళ్లే చెప్పాల్సింది.

ఇది వాపు కాదు, ప్రమాదం అనే గుర్తులు వేరు. చర్మం తెల్లగా పాలిపోవడం, వల వేసినట్టు ఊదారంగు మచ్చలు, తగ్గకుండా పెరిగే నొప్పి, చిన్న చీము పొక్కులు: ఇవి రక్తనాళం మూసుకుపోయిన సూచనలు. వేలితో నొక్కి వదిలితే మూడు సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోతే అదీ సూచనే. ఆ గంటలోనే ఫిల్లర్ వేసినవారికి ఫోన్ చేసి వెళ్లాలి, కరిగించే మందు అక్కడే ఉండాలి. చూపు మసకబారినా, రెప్ప వాలినా నిమిషం కూడా వృథా చేయకుండా కంటి ఆసుపత్రికి. ఎర్రగా, వేడిగా, జ్వరంతో వాచితే ఇన్ఫెక్షన్. అప్పుడు ముందు యాంటీబయోటిక్, ఆ తర్వాతే కరిగించడం.

ప్రశ్న: మాది మంగళగిరి, వయసు 55. చిన్నప్పటి నుంచే నాకు కళ్ల కింద సంచులు, మా నాన్నగారికీ ఉండేవి. బుగ్గ ఎత్తుగా చేస్తే సంచి కలిసిపోయి కనబడదంటున్నారు.

జవాబు: కలిసిపోవచ్చు, అంతకంటే ఉబ్బిపోవచ్చు కూడా. పుట్టుకతోనే అక్కడ నీరు నిలిచే తత్వం ఉన్నవాళ్లే ఫిల్లర్‌తో ఎక్కువ ఇబ్బంది పడతారు. ముందు పైన చెప్పిన కళ్లు పైకెత్తే పరీక్ష చేసుకోండి. కొవ్వు సంచి అయితే ఆపరేషన్‌తో తీయవచ్చు. దానికి రెప్పల శస్త్రచికిత్స చేసే కంటి డాక్టర్‌ను కలవండి, బుగ్గకు సూది వేసేవారిని కాదు. పొద్దున్న పెరిగి సాయంత్రం తగ్గే ఉబ్బు అయితే ఫిల్లర్ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: విజయవాడలో ఒక పార్లర్‌లో "పర్మినెంట్ జెల్" వేశారు. పేరు చెప్పరు, స్టిక్కర్ ఇవ్వరు. కళ్ల కింద ఏడాదిగా ఉబ్బు. కరిగించుకోవచ్చా?

జవాబు: హయలురానిక్ యాసిడ్ కాకపోతే హయలురానిడేజ్‌కు కరగదు. కాల్షియం ఫిల్లర్లు, పాలిలాక్టిక్ యాసిడ్, సిలికాన్, పాలియాక్రిలమైడ్ జెల్, దేనికీ ఈ మందు పనిచేయదు. చర్మం కింద ఏముందో హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్‌లో అనుభవం ఉన్న రేడియాలజిస్టు చాలావరకు పోల్చగలరు, ముందు అది చేయించండి. తర్వాత చర్మ నిపుణులు గానీ ప్లాస్టిక్ సర్జన్ గానీ చూడాలి. పార్లర్‌కు మళ్లీ వెళ్లి సరిచేయించుకోవద్దు. వేయించిన తేదీ, బిల్లు, అప్పటి ఫోటోలు ఏమున్నా తీసుకెళ్లండి.