మీ అమ్మకి నడక నేర్పకు, పని అప్పగించు

చిన్నా,

మీ అమ్మ సోఫా దిగట్లేదని, చెప్పీ చెప్పీ విసుగొస్తోందని రాశావు కదా, ముందు ఆ చెప్పడం ఆపెయ్. పొద్దున లేస్తే "నడువమ్మా, బరువు పెరుగుతున్నావు" అని కొడుకు నోటి నుంచి వినడం ఏ తల్లికైనా కష్టంగానే ఉంటుంది.

మెహిదీపట్నంలో ఉన్నప్పుడు మా చెల్లి రైతుబజారుకి నడిచే వెళ్ళేది, రెండు చేతుల్లో సంచులతో, దారిలో కనిపించిన వాళ్ళందరినీ పలకరించుకుంటూ వచ్చేది, మేడెక్కి బట్టలారేసేది, ఎండాకాలం వడియాలు పెట్టేది. దాన్ని ఎవరూ వ్యాయామం అనుకోలేదు. మణికొండ ఫ్లాట్‌కి వచ్చాక కూరగాయలు ఫోన్‌లో, బట్టలు మెషీన్‌లో, కిందికి లిఫ్ట్, అంట్లకి పనమ్మాయి. ప్రేమతోనే అమర్చావు, నాకు తెలుసు. కానీ ఆమెకి గుమ్మం దాటాల్సిన అవసరమే లేకుండా పోయింది. అందుకే ఆకుకూరలు, కొత్తిమీర యాప్‌లో తెప్పించడం ఈ రోజే మానెయ్, "నువ్వు ఏరి తెస్తేనే బాగుంటాయమ్మా" అను. అబద్ధమేమీ కాదు కదా, పుచ్చు వంకాయని ఆమె పట్టినట్టు మీ ఇంట్లో ఇంకెవరు పడతారు? మొదట్లో సంచి నువ్వు పట్టుకుని తోడు వెళ్ళు.

ఇంకో సంగతి, ఆమె నీతో అనదు గానీ నాతో అంది, బాత్‌రూంలో కాలు జారినప్పటి నుంచి పడిపోతానేమోనని భయం. మీ వీధిలో ఫుట్‌పాత్ సరిగ్గా లేదు, ఉన్న కాస్తా బైకులు ఆపుకుంటారు, భయపడక ఏం చేస్తుంది. ధైర్యం చెప్తే ఈ భయం పోదు, కాళ్ళలో బలం రావాలి. వయసుతో కండ తగ్గుతుంది, వాడకపోతే ఇంకా త్వరగా తగ్గుతుంది, తొడ కండ నీరసపడితే మోకాలికి ఆసరా తగ్గి నొప్పి పెరుగుతుంది, నొప్పని కూర్చుంటే కండ ఇంకా కరుగుతుంది. కదలని గట్టి కుర్చీని గోడకి ఆనించి, లేచి కూర్చోవడం ఐదుసార్లు చేయించు, మొదట చేతుల ఆసరాతో, కొన్నాళ్ళకి ఆసరా లేకుండా. సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడు చేస్తే చాలు. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం కూడా.

65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వేగంతో కదలాలని, కాళ్ళ బలానికీ తూలకుండా నిలబడడానికీ కనీసం మూడు రోజులు కేటాయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ అంకె నీ మనసులో ఉంచుకో, ఆమె ముందు పెట్టకు, టెన్షన్ పడి అసలే మానేస్తుంది. పది నిమిషాలైనా లెక్కే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌ని అడుగు, ముఖ్యంగా షుగర్ మాత్రల గురించి, కొన్ని మాత్రలు వేసుకుని పరగడుపున నడిస్తే షుగర్ పడిపోతుంది, కొంగున కాస్త చక్కెర కట్టుకోమను. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం దిగేముందు కాసేపు అంచున కూర్చోవాలి. ఛాతీ బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగిపోవాలి, వెంటనే నీకు చెప్పాలి. హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టి ఉన్నవి కొను. ఏప్రిల్, మే నెలల్లో ఏడులోపే ఇంటికొచ్చెయ్యాలి, లేదంటే మీ కారిడార్‌లోనే తిరగమను.

ఆదివారం పొద్దున్నే యూసుఫ్‌గూడలో నా దగ్గర దింపు. మా ఆడవాళ్ళ గుంపు కృష్ణకాంత్ పార్కులో నడుస్తుంది, ఎవరి కోడలు ఏమంది, ఏ ఊరగాయ ఎలా పెట్టారు అన్న కబుర్లలో ఎంత దూరం నడిచామో తెలియదు. నువ్వు మాత్రం మాతో రావద్దు, కొడుకు పక్కనుంటే ఆమె నోరు విప్పదు. తొమ్మిదికి వచ్చి తీసుకెళ్ళు, టిఫిన్ ఇక్కడే.

మీ పెద్దమ్మ