నుదుటి మీద ఎముక గడ్డ: పుర్రె తెరవాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. నుదుటికి ఎడమ వైపున గట్టి బుడిపె ఒకటి కొన్నేళ్లుగా మెల్లగా పెరుగుతోంది, నొప్పి మాత్రం లేదు. కొవ్వు గడ్డ అనుకున్నాను. సీటీ స్కాన్ తీయిస్తే 'ఆస్టియోమా' అన్నారు. ఇది క్యాన్సరా? పుర్రె తెరిచి ఆపరేషన్ చేయాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆస్టియోమా అంటే ఎముకలోంచి పెరిగే గడ్డ, అది క్యాన్సర్ కాదు. పుర్రె ఎముకకు బయటి పొర, లోపలి పొర, వాటి నడుమ గుల్లగా ఉండే ఎముక ఉంటాయి. నుదుటి మీద కనిపించే ఆస్టియోమా సాధారణంగా బయటి పొరలో పుట్టి బయటికే పెరుగుతుంది కాబట్టి మెదడుకు దానివల్ల ముప్పు ఉండదు. మీరు పొరబడటం సహజమే. నుదుటి కండరం కింద ఏర్పడే కొవ్వు గడ్డ కూడా చేతికి గట్టిగానే తగులుతుంది, అందుకే సీటీ స్కాన్ అవసరమవుతుంది. ఆస్టియోమా అందులో స్పష్టమైన అంచులతో, తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. ఎముక తినేసినట్టు కనిపించినా, లోపలి పొర కూడా మందమైనా ఎమ్మారై తీయించాలి. ఎందుకంటే మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా అనే గడ్డ కూడా పైనున్న ఎముకను ఉబ్బేలా చేయగలదు.

నొప్పి లేని చిన్న గడ్డను ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండవచ్చు. అది మీ ముఖానికి వెలితిగా తోస్తే తీయించుకోవడంలో తప్పేమీ లేదు, అదీ సరైన కారణమే. పుర్రె తెరవరు. జుట్టు లోపల కోత పెట్టి, ఎండోస్కోప్ సాయంతోనో నేరుగానో గడ్డను ఉలితో వేరుచేసి, డ్రిల్లుతో మొదలు వరకు అరగదీసి చుట్టూ ఉన్న ఎముకతో సమం చేస్తారు. మొదలు మిగిలిపోతే మళ్లీ పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ పని ఓపికగా జరగాలి. కనుబొమ మీదుగా పైకి వెళ్లే నరం సాగితే నుదురు, మాడు కొన్నాళ్లు తిమ్మిరిగా ఉండవచ్చు. తీసిన ముక్కను తప్పకుండా బయాప్సీకి పంపించండి.

గడ్డ నుదుటి సైనస్ (నుదుటి ఎముకలో ఉండే గాలి గది) లోపల ఉంటే మాత్రం సంగతి వేరు. తలనొప్పి, తరచూ సైనస్ ఇన్ఫెక్షన్, కన్ను ముందుకు పొడుచుకురావడం ఉంటే ఈఎన్‌టీ సర్జన్‌ను, అవసరమైతే న్యూరోసర్జన్‌ను కలవాలి.

ఆపరేషన్ కంటే ముందు మీరు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. దవడ మీద గానీ తల మీద మరోచోట గానీ ఇలాంటి బుడిపెలు ఉన్నా, మీ కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులోనే పెద్దపేగు క్యాన్సర్ వచ్చినా, అది గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య కావచ్చు. అందులో పెద్దపేగులో ఏర్పడే పాలిప్స్ (లోపలి గోడ మీది చిన్న బుడిపెలు) చికిత్స లేకుండా వదిలేస్తే క్యాన్సర్‌గా మారతాయి. అలాంటి సూచన ఏదున్నా నుదుటి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలిసి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగును లోపలి నుంచి చూసే పరీక్ష) చేయించుకోండి.