అల్లుడూ, ముందు మెయిలుకు తాళం వెయ్యి

తిరుపతి

చి॥ అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో వేలానికి పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం నాయనా. నీకు పోగవుతున్న మంచి రేటింగులే దొంగలకు కావలసింది, అందుకే నీ ఖాతా కాజేసి దాంట్లో అమ్మాలని చూస్తారు. కొత్త ఖాతాలో లాప్‌టాప్ పెడితే జనం వెనకాడతారు. ఏళ్ల తరబడి సక్రమంగా అమ్మినవాడి పేరుంటే అడిగినంత పంపేస్తారు.

దొంగ ఎక్కువగా కొనేవాడిలాగే వస్తాడు. "నేను చూసిన నెమలి దుపట్టా ఇదేనా?" అని లింకు పంపుతాడు. నొక్కితే అచ్చం ఈబే లాంటి పేజీ, మళ్లీ లాగిన్ అవ్వమంటుంది. అక్కడ ఆగి పైన అడ్రసు చదువు. మొదట్లో జంట వాలు గీతలు (//) ఉంటాయి, కొన్ని ఫోన్లలో కనబడవు. వాటి తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర్నుంచి వెనక్కి చదవాలి. ఆ గీతకు ఆనుకుని 'ఈబే డాట్ కామ్' ఉండి, దానికి ముందు చుక్క గానీ జంట గీతలు గానీ ఉంటేనే అసలుది. ముందెక్కడో ఈబే అని ఉండి గీత పక్కన ఇంకో పేరుంటే, ఆ పేజీ ఆ ఇంకొకడిదే. సేవ్ చేసిన పాస్‌వర్డ్ దానంతటది నిండకపోయినా అనుమానించు.

మెయిలు పోతే అన్నీ పోయినట్టే. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే లింకు వచ్చేది అక్కడికే కదా. అందుకే ముందు మెయిలుకు, తర్వాత ఈబేకు రెండంచెల తనిఖీ పెట్టు, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగేలా. ఆ కోడ్ ఎస్సెమ్మెస్‌లో రావడం కంటే, ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు. ఫోన్ పోయినప్పుడు పనికొచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో దాచు. నెలకోసారి మెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడు. లోపలికొచ్చినవాడు ఈబే మెయిళ్లన్నీ నేరుగా ట్రాష్‌లో పడేలా ఫిల్టర్ పెడతాడు. నీ పేరు మీద ఒకరోజు వేలాలు నడిచి ముగిసినా నీకు తెలియదు.

ఒకవేళ జరిగితే, మొదట ఐటెమ్ నంబర్లు కనబడేలా స్క్రీన్‌షాట్లు తియ్యి. వేరే ఫోన్ నుంచి మెయిలు పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైనౌట్ చెయ్యి. రికవరీ నంబరు నీదేనా చూసుకో. ఆ తర్వాతే ఈబే పాస్‌వర్డ్. ఈ వరస తప్పితే వాడు మెయిలు ద్వారా మళ్లీ మార్చేస్తాడు. డబ్బు జమయ్యే ఖాతా వివరాలు, బయటి యాప్‌లకిచ్చిన అనుమతులు కూడా చూడు. ఈబే వాళ్లకు చెప్పి దొంగ లిస్టింగులు తీయించు. బిడ్ వేసినవాళ్లకు డబ్బు పంపొద్దని రాయడం మాత్రం మరవొద్దు, వాళ్లు నమ్మింది నీ పేరునే. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు బ్యాంకులో ఆపే వీలు అంత ఎక్కువ.

నువ్వు పాత కెమెరా లెన్సులు కూడా కొంటావుగా. నూరు శాతం రేటింగ్ ఒక్కటే చూడకు, ఆ రేటింగ్ ఏం అమ్మితే వచ్చిందో చూడు. తపాలా బిళ్లలు అమ్మినవాడు రెండేళ్లు ఊరుకుని, ఒక్క రాత్రిలో ముప్పై లెన్సులు సగం ధరకు పెడితే ఆ ఖాతా చేయి మారిందనుకో. ఫోటో మీద మెయిల్ అడ్రసు రాసి 'ముందు ఇక్కడికి రాయండి' అన్నా అంతే. వేలంలో ఓడాక 'గెలిచినవాడు తప్పుకున్నాడు, మీకే ఇస్తాం' అని మెయిలొస్తే, ఈబేలో లాగినై మెసేజ్‌లలో చూడు. అక్కడ లేకపోతే అది దొంగదే. బయట డబ్బు కడితే ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ వర్తించదు.

ఆదివారం వచ్చేటప్పుడు ఫోన్ ఛార్జ్ చేసి తీసుకురా, ఫిల్టర్లు ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య