థాయ్ పద్ధతి చికెన్ ఫ్రైడ్ రైస్ గురించి అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం నీ స్నేహితులకి థాయ్ ఫ్రైడ్ రైస్ చేసి పెడతానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తులసి జాతి ఆకు వేసి చేసే ఖావ్ పత్ కప్రావ్ కై చెయ్యి తల్లీ. సామాను తక్కువ, ఇంటి పొయ్యి మీద చక్కగా కుదురుతుంది. కానీ మన ఫాస్ట్ ఫుడ్ బండి ఫ్రైడ్ రైస్‌ని మనసులో పెట్టుకుని మొదలుపెట్టకు. క్యాబేజీ, క్యారెట్, వెనిగర్, చిల్లీ సాస్ దీనికి అక్కర్లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా అసలు వద్దు. దంచిన వెల్లుల్లి మిర్చి, ఫిష్ సాస్, బాగా కాలిన మూకుడు, చివర్లో పడే ఆకు, రుచంతా వీటిదే. దాన్ని చెడగొట్టేది నీరు. అన్నంలో మిగిలిన తడి, మాంసం వదిలే నీరు, కడిగి ఆరబెట్టని ఆకు చెమ్మ, ఏది ఉన్నా వేగాల్సింది ఉడికిపోతుంది.

అన్నం శనివారమే వండు. థాయ్‌లాండ్‌లో దీనికి వాడేది జాస్మిన్ బియ్యం. 1959లో అక్కడ విడుదలైన ఖావ్ డాక్ మలి 105 దాని మూల రకాల్లో పేరున్నది. అందులో అమైలోజ్ అనే రకం పిండిపదార్థం తక్కువ కాబట్టి వేడి మీద మెత్తగా, కొంచెం అంటుకుంటూ ఉంటుంది. అందుకే నీళ్లు కొలిచి పోయాలి. బియ్యం రెండు మూడు సార్లు కడిగి, జల్లెడలో పది నిమిషాలు ఓడ్చి, ఎలక్ట్రిక్ కుక్కర్‌లో కప్పు బియ్యానికి కప్పు నీళ్లు చాలు. ప్రెషర్ కుక్కర్‌లో ఈ బియ్యం చిమిడిపోతుంది, వద్దు.

జాస్మిన్ దొరక్కపోతే మన సన్న బియ్యమే వాడు. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన సాంబ మసూరి, అంటే మనం బీపీటీ అనే రకం, పాతదైతే బాగా పనికొస్తుంది. సువాసన రాదు గానీ మెతుకు విడిగా నిలుస్తుంది. దాన్ని మాత్రం గంజి వార్చి వండు. ఎక్కువ నీళ్లలో మరిగించి, మెతుకు నొక్కితే మధ్యలో సన్నని పలుకు తగులుతుండగానే వార్చెయ్యి. పైనున్న పిండి గంజితో పోతుంది కనుక మర్నాడు ముద్దలు కట్టదు. బాస్మతి పొడిగానే వస్తుంది కానీ సాస్‌ని పట్టుకోదు, దాని వాసన కూడా ఈ ఆకుతో కలవదు.

వండిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాన్ కింద పెట్టు. ఆవిరి పోయి చల్లబడగానే మీద వదులుగా మూత వేసి ఫ్రిజ్‌లో పెట్టు. చలికి అన్నంలోని పిండి మళ్లీ గట్టిపడి మెతుకు బిరుసెక్కుతుంది, రేపు మూకుట్లో విరగకుండా నిలిచేది అందుకే. బయట మాత్రం రాత్రంతా వదలకు. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో పెరిగి అవి వదిలే విషం తర్వాత ఎంత వేయించినా పోదు. వండిన గంట, గంటన్నరలో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మర్నాటికల్లా వాడెయ్యాలి. నీళ్లలోనో మజ్జిగలోనో పులిసే చద్దన్నం సంగతి వేరు, దాన్నీ దీన్నీ కలిపి చూడకు.

ఇప్పుడు ఆకు. థాయ్ వాళ్ల కప్రావ్, మన తులసి ఒకే జాతి మొక్క. మన కృష్ణ తులసి ఘాటు ఎక్కువ, కాస్త మందు వాసన కొడుతుంది. వాడితే సగమే వెయ్యి. లేత పచ్చ ఆకుల తులసి దీనికి దగ్గర. కోటలో పూజించే మొక్క జోలికి వెళ్లకు, వంట కోసం వేరే కుండీలో పెంచుకో. ఇంట్లో తులసి వండడం ఎవరికైనా ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యకు. అప్పుడు థాయ్ బేసిల్ కొను. ఊదా కాడలు, సోంపు వాసన ఉంటాయి, అక్కడ దాన్ని హోరపా అంటారు. అదీ లేకపోతే సబ్జా గింజలిచ్చే రుద్రజడ లేత ఆకు ఫర్వాలేదు. వంటకం పేరు మారుతుంది, రుచి కూడా వేరే అవుతుంది, కానీ బాగుంటుంది. ఎండబెట్టిన ఆకుల పొడి మాత్రం సీసాలోనే ఉండనీ. పుదీనా కూడా దీనికి బదులు కాదు. ఆకుల్ని ఉదయమే కడిగి, గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వు. తడి ఆకు వేడి అన్నంలో పడితే నల్లబడి కూరాకులా మెత్తబడుతుంది.

ఇద్దరికి సరిపడే ఒక వాయికి కొలతలు ఇవి. వండి చల్లార్చిన అన్నం మూడు కప్పులు. ఎముక లేని కోడి తొడ మాంసం 200 గ్రాములు. వెల్లుల్లి ఆరు పెద్ద రెబ్బలు, చిన్న సన్న పచ్చిమిర్చి నాలుగు నుంచి ఆరు. ఫిష్ సాస్ ఒక టేబుల్ స్పూన్, ఆయిస్టర్ అనే గవ్వ జాతితో చేసే ఆయిస్టర్ సాస్ ఒక టేబుల్ స్పూన్, లైట్ సోయా సాస్ రెండు టీ స్పూన్లు, పంచదార ఒక టీ స్పూన్. ఆకులు గుప్పిటితో రెండు పిడికిళ్లు. ఉప్పు వద్దు, మూడు సాసుల్లోనూ కావలసినంత ఉంది. డార్క్ సోయా రంగు కోసం నాలుగు చుక్కలు వెయ్యొచ్చు, లేకపోయినా లోటు లేదు. ఫిష్ సాస్ సీసా వెనక చేప, ఉప్పు, మహా అయితే పంచదార మాత్రమే రాసి ఉండాలి. మూత తీయగానే వచ్చే వాసనకి బెదరకు, వేడి మూకుడు తగలగానే అది కమ్మదనంగా మారుతుంది. వచ్చేవాళ్లలో చేప, గవ్వ జాతి పడనివాళ్లు ఉన్నారేమో ముందే అడుగు. ఉంటే వాళ్ల వాయి ముందు, శుభ్రమైన మూకుట్లో, సోయా ఒక్కదానితో చెయ్యి.

మాంసం రొమ్ము ముక్క కాకుండా తొడే తీసుకో, రొమ్ము ఈ వేడికి పీచులా బిగుస్తుంది. చిన్న చిక్కుడు గింజంత ముక్కలుగా కోసినా సరే, కత్తితో ముతక కీమాలా కొట్టినా సరే. కడిగితే గుడ్డతో అద్ది తడి తీసెయ్యి. పెరుగు, పసుపు ఏమీ పట్టించకు. పైన చెప్పిన సోయాలోంచి ఒక టీ స్పూన్, ఒక టీ స్పూన్ నూనె కలిపి పావుగంట పక్కన పెడితే చాలు. వెల్లుల్లి, మిర్చి చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచు. మిక్సీ వద్దు. మిక్సీలో నీరు ఊరి మెత్తని ముద్దవుతుంది, అది మూకుడుకి అంటుకుని మాడుతుంది. కొత్తిమీర వేర్లుంటే రెండు కడిగి వాటితో పాటు దంచు, థాయ్ వంటింట్లో వేరు పారెయ్యరు.

పొయ్యి దగ్గరికి వెళ్లేముందు అన్నాన్ని చేత్తో విడదీసి పెట్టుకో, చల్లని ముద్దల్ని గరిటెతో విడగొట్టబోతే మెతుకు నలుగుతుంది. సాసులూ పంచదారా ఒక గిన్నెలో కలిపి, ఆకులు పక్కన పెట్టుకో. ఒకసారి మంట మొదలయ్యాక సీసా మూతలు తియ్యడానికి తీరిక దొరకదు. మూకుడు ఇనుముది, వెడల్పుది తీసుకో. నాన్‌స్టిక్ అంత వేడికి తగదు.

ఖాళీ మూకుడు పెద్ద మంట మీద పెట్టి, సన్నగా పొగ లేచేదాకా కాల్చు. నాలుగు టేబుల్ స్పూన్ల రిఫైన్డ్ వేరుశనగ నూనె గానీ, తవుడు నూనె గానీ పోసి, ముందు రెండు గుడ్లు ఒక్కొక్కటిగా పగలగొట్టి వేయించు. తెల్లసొన అంచులు బంగారు రంగులో కరకరలాడాలి, పచ్చసొన జారుగా ఉండాలి. గుడ్లు తీసి పక్కన పెట్టి, రెండు స్పూన్ల నూనె ఉంచి మిగతాది వంపెయ్యి.

మంట మధ్యస్థం చేసి దంచిన వెల్లుల్లి మిర్చి వెయ్యి. అర నిమిషమే. కిటికీ తెరిచి పెట్టు, ఘాటుకి దగ్గొస్తుంది. వెల్లుల్లి లేత బంగారు రంగుకి రాగానే మాంసం వేసి మంట పూర్తిగా పెంచు. ముక్కల్ని పరిచి ఒక నిమిషం కదపకు. ఇక్కడే అందరూ తొందరపడతారు. కదిపిన కొద్దీ మూకుడు చల్లబడి, ముక్క నీరు వదిలి అందులోనే ఉడుకుతుంది. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, మరో రెండు నిమిషాలు వేయించు. ఒక పెద్ద ముక్క కోసి చూడు, లోపల గులాబీ రంగు ఉండకూడదు. అప్పుడు సాసుల్లో సగం పోసి, ముక్కకి పట్టేదాకా కలుపు.

తర్వాత అన్నం. అట్లకాడ వీపుతో మెల్లగా నొక్కుతూ, కిందది పైకి తిప్పుతూ రెండు నిమిషాలు. మిగిలిన సాస్‌ని అన్నం మీద పోస్తే ఒకచోట ఉప్పగా, మరోచోట చప్పగా వస్తుంది. అందుకని దాన్ని మూకుడు అంచు చుట్టూ పోసెయ్యి. చుయ్యిమని కాగి, ఆ కాలిన కమ్మదనం అన్నానికి పడుతుంది. మరో నిమిషం తిప్పు. మెతుకులు మూకుట్లో ఎగిరెగిరి పడుతుంటే సరిగ్గా వచ్చినట్టు. పొయ్యి ఆపి, ఆకులన్నీ వేసి నాలుగు సార్లు తిప్పి దించెయ్యి. ముందే వేస్తే వాసనంతా వంటింటి పాలవుతుంది, పళ్లెంలో ఏమీ మిగలదు.

ఆరుగురు వస్తున్నారు కదా, మూడు వాయిలు చెయ్యి. ఒకేసారి తొమ్మిది కప్పుల అన్నం కుమ్మరిస్తే మన ఇంటి బర్నర్ వేడి దానికి ఆనదు. ఒక్కో వాయికి పది నిమిషాలు కూడా పట్టదు. మొదటి వాయి పంచదార, ఉప్పు చూసుకుని తర్వాతివి సవరించుకో, ఆయిస్టర్ సాస్ తీపి ఒక్కో బ్రాండ్‌కి ఒక్కోలా ఉంటుంది. ఉప్పెక్కువైతే ఇంకాస్త ఉత్త అన్నం కలుపు, నీళ్లు చల్లకు. మరీ పొడిబారితే ఒక్క స్పూన్ చికెన్ ఉడికించిన నీళ్లు అంచు వెంట పొయ్యి, అంతకు మించి వద్దు.

పళ్లెంలో పక్కన కీరదోస చక్రాలు, నిమ్మ చెక్క, మీద గుడ్డు. మన నిమ్మకాయ థాయ్ వాళ్ల మనావ్‌కి చాలా దగ్గర, వెతుక్కోనక్కర్లేదు. మూకుట్లో మాత్రం పిండకు, చేదెక్కుతుంది. ఎవరికి వాళ్లు పిండుకోవాలి. చిన్న గిన్నెలో ప్రిక్ నామ్ ప్లా, అంటే మిర్చి వేసిన ఫిష్ సాస్ కూడా పెట్టు. రెండు స్పూన్ల ఫిష్ సాస్, ఒక స్పూన్ నిమ్మరసం, నాలుగైదు మిరపకాయల చక్రాలు, ఒక వెల్లుల్లి రెబ్బ తరుగు, చిటికెడు పంచదార. మిగతా వంటంతా అరగంట ముందే అయిపోయేట్టు చూసుకుని, ఈ అన్నం మాత్రం వాళ్లు కూర్చున్నాకే పొయ్యెక్కించు.

మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేదాకా వేడి చేసి ఒక్కసారే తినెయ్యండి. ఆకు నల్లబడుతుంది, కొత్తవి నాలుగు ఆకులు వేసుకోండి. మూకుడు వేడి నీళ్లతో రుద్ది, పొయ్యి మీద తడారేదాకా కాల్చి, చుక్క నూనె రాసి పెట్టు. సబ్బు నీళ్లలో నానబెట్టకు, తుప్పు పడుతుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ