రేకుల గదికి ఫాయిల్ షీట్ వేయిస్తే వేడి తగ్గుతుందా?

టెర్రస్ మీద రేకుల గదిలో అద్దెకుంటున్నాం, రేకుల కింద వెండిరంగు ఫాయిల్ షీట్ వేయిస్తే ఉపయోగముందా అని అడిగారు. కచ్చితంగా ఉంది. కాకపోతే ఎలా వేస్తారన్నదే అసలు సంగతి.

మౌలాలిలో మా అక్కావాళ్లు అలాంటి గదుల్లోనే ఉండేవాళ్లు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం నడినెత్తి మీద పెనం పెట్టినట్టుండేది. ఫ్యాన్ వేస్తే వడగాలే. పనికొచ్చిన కుర్రాడు ఫాయిల్‌ను రేకుకు ఆనించి, దాని కిందే థర్మోకోల్ అట్టలు బిగించేస్తానన్నాడు. మా బావ ఒప్పుకోలేదు. రేకులను మోసే ఇనుప గొట్టాల మధ్య బైండింగ్ వైరు అల్లించి, దాని మీద షీటు పరిపించాడు. రేకుకూ షీటుకూ మధ్య రెండంగుళాల ఖాళీ.

ఒక గది పూర్తయ్యాక స్టూలెక్కి చూశాను. షీటును తాకితే వేలు చురుక్కుమంది. జానెడు కింద ముఖం పెడితే మాత్రం సెగే లేదు! షీటు వేయని పక్క గదిలో అదే ఎత్తులో ముఖం మాడిపోయింది.

కాగిన రేకు నుంచి కిందికి దిగే వేడిలో ఎక్కువ భాగం కిరణాల రూపంలోనే వస్తుంది. మెరిసే అల్యూమినియం అందులో 95 శాతం దాకా వెనక్కి కొడుతుంది, తను వేడెక్కినా కిందికి వదిలేది చాలా తక్కువ. ఈ పని జరగాలంటే ఒక పక్కనైనా గాలి ఖాళీ ఉండాలి. రెండు పక్కలా మూసేస్తే వేడి నేరుగా పాకిపోతుంది, ఫాయిల్ ఉన్నా లేనట్టే. షాపులవాళ్లు ఈ ముక్క చెప్పరు, మందం గురించే మాట్లాడతారు. మెరుపు కిందికి ఉండేలా వేయించండి, దుమ్ము పట్టదు. ఫాయిల్‌లో కరెంటు పాకుతుంది కాబట్టి పాత వైరింగ్ తగలకుండా చూసుకోండి, పని జరుగుతున్నంతసేపూ మెయిన్ ఆపించండి.

అసలు ఈ ఖర్చు అద్దెకున్నవాళ్లు ఎందుకు పెట్టాలి? 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండ వేడిని వెనక్కి కొట్టే పైకప్పుల కోసం ఓ విధానం. అయినా పైన నాలుగు రేకులు వేసి అద్దె దండుకునే ఓనర్లకు చీమ కుట్టినట్టయినా లేదు. అక్కావాళ్ల ఓనరు పైసా ఇవ్వలేదు, ఖాళీ చేసేటప్పుడు మాత్రం షీటు విప్పొద్దన్నాడు. మీరు పని మొదలుపెట్టకముందే ఆ ఖర్చు అద్దెలో తగ్గించేలా ఓనరుతో కాగితం మీద రాయించుకోండి.