ప్రయోగశాల ప్రశ్నలు: నీళ్లలో వెండి ఎలక్ట్రోడ్‌కు ఎందుకు ఆనడం లేదు?

ప్రశ్న: నీళ్లలో కరిగిన వెండిని సిల్వర్ సల్ఫైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలుస్తున్నాను. లీటరుకు 10 నుంచి 0.1 మి.గ్రా. వరకు స్లోప్ (వెండి పది రెట్లు మారితే రీడింగ్‌లో వచ్చే తేడా) 58 మిల్లీవోల్టులు వస్తోంది. అంతకంటే తగ్గితే రీడింగ్ నిలవదు. బోరు నీళ్లలో 0.1 మి.గ్రా. వెండి కలిపినా దాదాపు ఏమీ చూపించదు. వాడేవి గాజు బీకర్లు, పొటాషియం క్లోరైడ్ నింపిన మామూలు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (పోలిక కోసం పక్కన ముంచే రెండో ఎలక్ట్రోడ్). మీటర్ మార్చాలా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీటర్ జోలికి వెళ్లకండి. 25 డిగ్రీల దగ్గర రావలసింది 59.2, మీకు 58 వస్తోందంటే మీటరూ, ఎలక్ట్రోడ్ పొరా బాగున్నట్టే. ముందుగా అనుమానించాల్సింది రిఫరెన్స్‌ని. దాని జంక్షన్ (లోపలి ద్రావణం నమూనాను తాకే సన్నని దారి) నుంచి 3 మోలార్ క్లోరైడ్ ద్రావణం కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. 100 మి.లీ. బీకర్లోకి 10 మైక్రోలీటర్లు చేరితే చాలు, క్లోరైడ్ 3×10⁻⁴ మోలార్ అవుతుంది. సిల్వర్ క్లోరైడ్ కరుగుదల లబ్ధం (వెండి, క్లోరైడ్ అయాన్ల గాఢతలను గుణిస్తే దాటలేని హద్దు) 1.8×10⁻¹⁰ కాబట్టి ఆ బీకర్లో స్వేచ్ఛగా ఉండే వెండి అయాన్లు లీటరుకు 0.065 మి.గ్రా. దాటలేవు. మీరు కొలవబోయే వెండిని మీ రిఫరెన్సే మింగేస్తోంది! పైగా ఆ అవక్షేపం జంక్షన్‌లో పేరుకుంటే రీడింగ్ జారుతూ పోతుంది. డబుల్ జంక్షన్ రిఫరెన్స్ తీసుకుని, బయటి గదిలో 10 శాతం పొటాషియం నైట్రేట్ నింపండి.

తర్వాతిది గాజు. పలచని ద్రావణాల్లో వెండి గాజు గోడలకు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ బీకర్లను పలచని నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, డీఅయనైజ్డ్ నీళ్లతో బాగా కడిగి వాడండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం దగ్గరకు రానివ్వద్దు.

పలచని స్టాండర్డ్‌లు (వెండి ఎంతుందో తెలిసిన ద్రావణాలు) ముందురోజు చేసి పెట్టుకోవద్దు, బీకర్లోనే తయారు చేయండి. 1.575 గ్రా. సిల్వర్ నైట్రేట్‌ను లీటరుకు కలిపితే 1000 మి.గ్రా. స్టాక్ (ముదురు రంగు సీసాలో, చీకట్లో ఉంచాలి). దాన్ని ఏ రోజుకారోజు 10 మి.గ్రా.కు పలచన చేయాలి. 100 మి.లీ. డీఅయనైజ్డ్ నీళ్లకు 5 మోలార్ సోడియం నైట్రేట్ 2 మి.లీ. కలిపి, అందులో పలచని స్టాక్‌ను వరసగా 0.2, 0.3, 0.5, 1.0 మి.లీ. వేస్తూ పోండి. పెరిగిన ఘనపరిమాణంతో లెక్కిస్తే సుమారు 0.020, 0.049, 0.097, 0.19 మి.గ్రా. వస్తాయి. ఎప్పుడూ తక్కువ నుంచి ఎక్కువకే వెళ్లాలి. స్టిర్రర్ వేగం మార్చొద్దు. దాని వేడి తగలకుండా బీకర్ కింద థర్మోకోల్ ముక్క పెట్టండి. వెండి బాగా తక్కువగా ఉన్నచోట రీడింగ్ నిలవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తొందరపడితే లాభం లేదు. ఒక్క మిల్లీవోల్టు తేడా అంటే ఫలితంలో 4 శాతం తేడా.

ఇంత చేసినా 0.05 మి.గ్రా. కింద గీత వంగవచ్చు. అది ఎలక్ట్రోడ్ స్వభావం. పనికొచ్చే అంచు 10⁻⁷ మోలార్, అంటే దాదాపు 0.01 మి.గ్రా. అక్కడ సరళరేఖ గీయకుండా, వంపునే గీసి చదవండి.

ఇక బోరు నీళ్లు. ఇది పరికరం మార్చినంత మాత్రాన తీరే చిక్కు కాదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) వెండికి పెట్టిన పరిమితి 0.1 మి.గ్రా., క్లోరైడ్‌కు ఆమోదించిన మోతాదు 250 మి.గ్రా. అంత క్లోరైడ్ ఉన్న నీళ్లలో స్వేచ్ఛా వెండి అయాన్ 0.003 మి.గ్రా. మించదు. మిగతాది క్లోరైడ్ సంక్లిష్టాలుగానో, అవక్షేపంగానో ఉంటుంది. ఎలక్ట్రోడ్‌కు స్వేచ్ఛా అయాన్ తప్ప ఇంకేదీ కనిపించదు. నానో కణాలైనా, హైపో (సోడియం థయోసల్ఫేట్)తో కట్టుబడిన వెండైనా అంతే. అవక్షేపం పడే చోట స్టాండర్డ్ అడిషన్ పద్ధతీ (నమూనాకే తెలిసినంత వెండి కలిపి కొలవడం) మోసం చేస్తుంది. మొత్తం వెండి కావాలంటే నమూనాను నైట్రిక్ ఆమ్లంతో డైజెస్ట్ చేసి (వేడిచేసి కరిగించి), ఏ రూపంలో ఉన్న వెండినైనా కొలిచే పరికరాలైన గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్‌కో, ఐసీపీ-ఎంఎస్‌కో పంపడమే మంచిది.

ప్రశ్న: ఎలక్ట్రోడ్ పొర నల్లబడింది. పాడైనట్టా?
– ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్

జవాబు: సిల్వర్ సల్ఫైడ్ రంగే నలుపు. స్పందన మందగిస్తేనే పాలిషింగ్ స్ట్రిప్‌తో అరనిమిషం సున్నితంగా రుద్ది, కడగండి. నమూనాలో పాదరసం ఉంటే మాత్రం దాని అయాన్లూ సల్ఫైడ్‌తో కలిసి పొరను చెడగొడతాయి. అలాంటి నీళ్లలో ఈ ఎలక్ట్రోడ్ ముంచవద్దు.