సిబ్బంది లేని జపాన్ పల్లె స్టేషన్‌లో టికెట్ ఎవరిస్తారు?

జపాన్ పల్లెల్లో ఉద్యోగులే లేని రైల్వే స్టేషన్లు ఉంటాయట, మరి టికెట్ ఎవరిస్తారు, వాటిని ఎవరు చూసుకుంటారు, ఒక్క అమ్మాయి కోసం ఒక స్టేషన్ నడిపారన్న కథ నిజమేనా అని అడిగారు కదా.

ఉంటాయండీ, అవీ కొద్ది కాదు. అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం 2020 మార్చి నాటికి దేశం మొత్తం మీద 9,465 స్టేషన్లుంటే వాటిలో 4,564 చోట్ల సిబ్బంది లేరు. ఉద్యోగం మీద షికోకు దీవిలోని మత్సుయామాలో ఉన్నప్పుడు సెలవు దొరికితే నేను వెళ్లే స్టేషన్ షిమొనాదా, అందుకే ఎక్కువగా దాని గురించే చెప్తాను.

షిమొనాదా ఎహిమె ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది), యొసాన్ లైన్ మీద, సరిగ్గా సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఒకటే ప్లాట్‌ఫాం, ఒకటే లైను, చిన్న కప్పు కింద బెంచీ, వెనక చెక్క భవనం, అంతే. 1935లో మొదలైంది. అప్పట్లో పట్టాల కిందే అలలు తగిలేవట, తర్వాత ఒడ్డు పూడ్చి 378 నంబరు రోడ్డు వేశారు. 1986లో ఉచికో అనే ఊరి మీదుగా కొండల లోపలి నుంచి దగ్గరి దారి వేయగానే ఎక్స్‌ప్రెస్ బళ్లన్నీ అటు మళ్లాయి, ఆ ఏడాదే ఇక్కడ సిబ్బందిని కూడా తీసేశారు. అప్పటి నుంచి సముద్రం పక్క దారికి మిగిలింది ప్యాసింజరు బళ్లే, చాలావరకు ఒక్క పెట్టె డీజిల్ బండి. విచిత్రం ఏమిటంటే సిబ్బంది పోయాకే ఈ స్టేషన్‌కి పేరొచ్చింది. 1990ల చివర్లో సెయిషున్ 18 అనే చౌక టికెట్ ప్రచారానికి వేసిన పోస్టర్ల మీద ఈ ప్లాట్‌ఫాం, వెనక సముద్రం కనిపించేసరికి దేశమంతా తెలిసిపోయింది.

ఇక టికెట్ సంగతి. స్టేషన్‌లో మనిషి చేసే పని బండిలోకి మారుతుంది, అది కూడా డ్రైవరు ఒక్కడి మీదికే, ఎందుకంటే ఈ బళ్లలో గార్డు ఉండడు. వెనక తలుపు దగ్గర ఎక్కగానే చిన్న పెట్టెలోంచి ఒక చీటీ వస్తుంది, దాని మీద మీరు ఎక్కిన స్టేషన్ నంబరు ఉంటుంది. డ్రైవరు తల పైన ఒక బోర్డు ఉంటుంది, అందులో ఒక్కో నంబరు కింద ఛార్జీ ఎంతో కనిపిస్తూ, స్టేషన్ దాటినప్పుడల్లా పెరుగుతూ పోతుంది. దిగే చోట ముందు తలుపు దగ్గరికి వచ్చి, చీటీ, డబ్బులు కలిపి డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేసి దిగాలి. పెద్ద స్టేషన్‌లో టికెట్ కొనుక్కుని ఎక్కితే ఆ టికెట్టే ఇచ్చి దిగొచ్చు. మన దగ్గర హాల్ట్ స్టేషన్లలో కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు ఉంటాడు కదా, ఇక్కడ ఆయన కూడా ఉండడు. చిల్లర మాత్రం జాగ్రత్త. పెట్టెకున్న మెషీన్ నాణేలకీ వెయ్యి యెన్ల నోటుకీ మాత్రమే చిల్లర ఇస్తుంది. ఒకసారి ఒక టూరిస్టు పదివేల నోటు పట్టుకుని నిలబడితే బండి మొత్తం ఆగిపోయింది, చివరికి వెనక సీట్లో కూర్చున్న ఒకావిడ పర్సు తీసి మార్చి ఇచ్చింది. పెద్ద నగరాల్లో ముందే డబ్బు వేసుకుని మెషీన్‌కి తాకించే సుయికా లాంటి కార్డులు నేనున్నప్పుడు ఈ లైన్లో పనిచేసేవి కావు.

స్టేషన్‌ని చూసుకునేది ఎక్కువగా ఊరివాళ్లే, నాకు వీటిమీద ఇంత అభిమానం కలగడానికి కారణం కూడా అదే. రైల్వే కంపెనీ మనుషులు తనిఖీకి వస్తారు, పట్టాలు, సిగ్నళ్లు వాళ్ల బాధ్యత. కానీ ప్లాట్‌ఫాం పక్కన పూల మొక్కలకి నీళ్లు పోయడం, బెంచీ తుడవడం, చెత్త ఏరడం లాంటివి చాలాచోట్ల చుట్టుపక్కల పెద్దవాళ్లే జీతం లేకుండా చేస్తారు. నేను పొద్దున బండికి వెళ్లిన రోజుల్లో ఒక పెద్దాయన చీపురుతో కనిపించేవాడు, నాకొచ్చిన కొద్దిపాటి జపనీస్‌లో పలకరిస్తే ఇక్కడి నుంచే బడికి వెళ్లాను అనేవాడు. ఉత్తరాన హొక్కైదో దీవిలో కొబొరో అనే స్టేషన్ ఉంది, రెండు సొరంగాల మధ్య, అక్కడికి రోడ్డే లేదు. రైల్వే మూసేస్తానంటే తొయొఉరా పట్టణం వాళ్లు నిర్వహణ ఖర్చు మేమే పెట్టుకుంటామని నిలబెట్టుకున్నారు.

ఆ అమ్మాయి కథ సగమే నిజం. అది హొక్కైదోలో సెకిహొకు లైన్ మీదున్న క్యూ షిరతాకి స్టేషన్. అక్కడ ఎక్కి హైస్కూలుకి వెళ్లే అమ్మాయి ఉన్న మాట నిజం, 2016 మార్చి 26న ఆ స్టేషన్ మూసేసిన మాటా నిజం, ఆ నెలలోనే ఆమె చదువు పూర్తయింది. కానీ బండి ఆమె కోసమే నడవలేదు, ఆ దారిలో మిగతా ఊళ్లవాళ్లూ అందులోనే వెళ్లేవారు. జపాన్ రైల్వేలు టైంటేబుల్ మార్చేది మామూలుగా మార్చిలోనే, అదే రోజు పక్కనున్న కామి షిరతాకి, షిమొ షిరతాకి కూడా మూతపడ్డాయి. మనవాళ్ల వాట్సాప్‌లో తిరిగే కథలో ఆ రెండు స్టేషన్ల ఊసే ఉండదు, నాకు బాధ కలిగించేది అదే. ఎక్కేవాళ్లు లేక ఒకేరోజు మూడు స్టేషన్లు పోయాయి.

సిబ్బంది లేకపోవడం అందరికీ సరదా కాదని కూడా చెప్పాలి. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకి ర్యాంపు వేసే మనిషి ఉండడు, ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి. ఒయిత ప్రాంతంలో 2020లో దీని మీద కొందరు కోర్టుకి కూడా వెళ్లారు. వాళ్ల వాదన నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

షిమొనాదా చూడాలనుకుంటే దయచేసి రైల్లోనే వెళ్లండి. సాయంత్రం సూర్యాస్తమయానికి ప్లాట్‌ఫాం నిండిపోతుంది, బెంచీ దగ్గర ఫోటోకి వరస కడతారు, కానీ అందులో చాలామంది కారులో వచ్చినవాళ్లే. వాళ్ల వల్ల ఆ లైనుకి ఒక్క యెన్ కూడా రాదు. మత్సుయామా నుంచి గంట లోపే ప్రయాణం, ఎక్కే ముందు ఇయొ నగాహమా మీదుగా వెళ్లే బండేనా అని అడగండి, ఉచికో మీదుగా పోయేది ముకైబరా స్టేషన్ దాటాక కొండల్లోకి తిరిగిపోతుంది. తిరుగు బండి టైం ముందే చూసి పెట్టుకోండి, మధ్యాహ్నం పూట ఒకటి తప్పితే ఇంకోదానికి రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆగాలి. ఫోటో కోసం పట్టాల మీదికి మాత్రం దిగకండి, వద్దని చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.